మసనెయా శిఖరం: నీళ్ళు నిలవని కొండ మీద ఒక ఊట

తెర మీద కనిపిస్తున్న ఈ బూడిదరంగు శిఖరం స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలోని పుచ్ దె మసనెయా. దీని ఎత్తు 1364 మీటర్లు. దీవిలో అన్నిటికంటే ఎత్తయిన పుచ్ మజోర్ కొన మీద సైనిక రాడార్ కేంద్రం ఉన్నందున అక్కడికి మామూలు జనాన్ని పోనివ్వరు. కాబట్టి నడిచి ఎక్కదలచినవారికి అందే శిఖరాలలో ఇదే పెద్దది.

యుక్ మఠానికి దగ్గరలోని కనుమ వద్ద బయలుదేరితే, మొదట ఓక్ అడవి నీడలో నడవాలి. పూర్వం కట్టె కాల్చి బొగ్గు చేసిన గుండ్రని రాతి అరుగులు ఇప్పుడు నాచు పట్టి చెట్ల మధ్య కనిపిస్తాయి. దారి ఒక ప్రైవేటు ఎస్టేటు గుండా పోతుంది. అక్కడ రుసుము వసూలు చేసే ఆనవాయితీ ఉంది గనుక చిల్లర దగ్గర పెట్టుకోండి.

కోల్ దె స లీనియా అనే కనుమ దాటాక అసలు కొండ మొదలవుతుంది. ఇది జురాసిక్ యుగంలో సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందిన వాననీరు యుగాల తరబడి ఈ రాతిని కరిగించడంతో, బండల మీద వేలు పట్టేంత చాళ్ళు పక్కపక్కనే ఏర్పడి, వాటి నడుమ మిగిలిన అంచులు కత్తిపీటలా పదునెక్కాయి. పట్టు కోసం అరచేయి ఆనిస్తే చర్మం గీరుకుపోతుంది. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను తొలిచినది కూడా సున్నపురాతిని కరిగించే నీరే. పడిన వాన పడినట్టే పగుళ్ళలోకి ఇంకిపోతుంది కాబట్టి, ఈ వాలు మీద వాగు గానీ చెలమ గానీ కనబడదు.

అయినా శిఖరానికి కాస్త దిగువన, ఒక గుహ లోపల ఫోన్ దె సవెంక్ అనే ఊట ఉంది. రాతిమెట్ల మీదుగా చీకట్లోకి దిగితే, కప్పు నుండి చుక్కచుక్కగా రాలే నీరు తొట్లలో చేరుతూ ఉంటుంది. కనుమ పైన చీలే రెండు దారులలో నేరుగా ఎక్కేది దగ్గరే కావచ్చు. నన్నడిగితే మాత్రం ఊట మీదుగానే వెళ్ళాలంటాను. అయితే తాగునీరు కింది నుండే మోసుకువెళ్ళాలి.

ఈ కొండవాలులలోనే మంచు గిడ్డంగుల శిథిలాలు కూడా ఉన్నాయి. శీతాకాలంలో కూలీలు మంచును పోగుచేసి, రాతిగోడల గోతులలో తొక్కి గట్టిపరచి, గడ్డి కప్పి దాచేవారు. ఎండాకాలం రాగానే దానిని దిమ్మెలుగా కోసి, కరిగిపోకుండా రాత్రిపూట కంచర గాడిదల మీద పట్టణాలకు చేరవేసేవారు. జ్వరాలకు వైద్యులూ, చల్లని పానీయాలకు ధనికులూ దానిని కొనేవారు. యంత్రాలతో మంచుగడ్డ తయారవడం మొదలయ్యాక, 20వ శతాబ్దం తొలి దశకాలలో ఆ వ్యాపారం ఆగిపోయింది.

ఎక్కడం కంటే దిగడమే కష్టం. మబ్బు కమ్మితే బండల మీద దారి ఆనవాలు దొరకదు. రాళ్ళు పేర్చిన గుర్తులలో తరువాతిది కనబడే వరకు ఉన్నచోటు నుండి కదలకండి.