చేపల బేరానికి వెళ్లిన మంత్రి

శ్రోతలకు నమస్కారం.

1956 మే 9, మాస్కో. క్రెమ్లిన్‌లో ఒక గది. ఒకవైపు సోవియట్ ప్రధాని బుల్గానిన్, ఎదురుగా జపాన్ వ్యవసాయ మంత్రి ఇచిరో కోనో. కోనో వెంట సొంత దుబాసీ కూడా లేడు. ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేసింది రష్యన్ల దుబాసీయే. లోపల ఏం మాట్లాడుకున్నారో అన్న ఇతరుల అనుమానం కోనోను చాలాకాలం వెంటాడింది. నన్నడిగితే, అది ధైర్యమూ అవును, తొందరపాటూ అవును.

ఆయన వెళ్లింది చేపల కోసం. యుద్ధం ముగిసి పదకొండేళ్లు కావస్తున్నా రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు లేవు. లండన్‌లో సాగుతున్న చర్చలు ఆ మార్చిలో ఆగిపోయాయి. వెంటనే మాస్కో వాయవ్య పసిఫిక్‌లో గీత గీసి, సాల్మన్ వేటకు హద్దు పెట్టింది. వేట కాలం దగ్గర పడుతుంటే జపాన్ మత్స్యకారులకు టెన్షన్ కాక ఇంకేముంటుంది?

మే 14న మత్స్య ఒప్పందం కుదిరింది. అందులో ఒక మెలిక ఉంది. శాంతి సంధి కుదరాలి, లేదా దౌత్య సంబంధాలైనా మొదలవ్వాలి. అప్పుడే అది పూర్తిగా అమల్లోకి వస్తుంది. అంటే వల వేయాలంటే ముందు రాయబార కార్యాలయం తెరవాలన్నమాట!

ఇంతకీ ఎవరీ కోనో? 1898లో కనగావాలో పుట్టాడు. వసేదా విశ్వవిద్యాలయం తరఫున హకోనే రిలే పరుగులో పరుగెత్తాడు. అసాహి పత్రికలో విలేకరిగా పనిచేసి, 1932లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మన పెద్దవాళ్లకు లెవీ ధాన్యం గుర్తుండే ఉంటుంది. జపాన్ రైతులకూ అలాంటి బలవంతపు సేకరణే ఉండేది. 1955లో ఆయన హయాంలో దాని బదులు, ఎంత బియ్యం అమ్ముతాడో రైతే ముందుగా ఒప్పుకుని అడ్వాన్స్ తీసుకునే పద్ధతి వచ్చింది.

అక్టోబరులో ప్రధాని హతోయామాతో కలిసి కోనో మళ్లీ మాస్కో వెళ్లాడు. ఈసారి బేరం సోవియట్ పార్టీ అధినేత క్రుశ్చేవ్‌తో. 19న దౌత్య సంబంధాలు మళ్లీ మొదలుపెట్టే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలయ్యాయి. సోవియట్ వీటో అడ్డు తొలగి, డిసెంబరులో జపాన్‌కు ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికింది.

తర్వాత కోనో 1964 టోక్యో ఒలింపిక్స్ బాధ్యతలు చూసి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. కొడుకు యోహే, మనవడు తారో ఇద్దరూ విదేశాంగ మంత్రులయ్యారు. శాంతి సంధి కుదిరాక, సోవియట్ చేతిలో ఉన్న హబొమాయ్, షికొతాన్ దీవులను జపాన్‌కు అప్పగిస్తామని 1956 ఉమ్మడి ప్రకటనలో రాసుంది. ఆ సంధి మాత్రం ఇప్పటికీ కుదరలేదు.