బర్రుమనే స్పీకరు

శ్రోతలకు నమస్కారం.

మా నాన్న నలభై ఏళ్ళు మైకు సెట్టు నడిపారు. కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, తీర్థాలు, పద్య నాటకాలు, ఎన్నికల మీటింగులు, ఆయన హారన్ ఎక్కని కొబ్బరిచెట్టు ఆ పక్కన లేదంటే అతిశయోక్తి కాదు. ఆయనకి జీవితంలో పట్టుకున్న పగ ఏదైనా ఉంటే అది చెడ్డ ధ్వని మీదే. మైకు కూస్తే మొహం ఎర్రబడేది. స్పీకరు కాగితం చిరిగి బర్రుమంటే రాత్రికి రాత్రి పలచటి కాగితం ముక్క, బంక పెట్టి అతికించి, ఉదయం కాఫీ తాగకుండా పరీక్షించేవారు.

అలాంటి మనిషిని పోయిన వేసవిలో ఒక ఆదివారం బండి వెనక కూర్చోబెట్టుకుని ఒక కొబ్బరి గొడౌనుకి తీసుకెళ్ళాను. అక్కడ కొంతమంది గిటారు సరదా ఉన్నవాళ్ళు వీలైన ఆదివారాల్లో చేరతారు. పాలకొల్లు నుంచి ఒక కుర్రాడు చించినాడ వంతెన మీదుగా వస్తాడు. నరసాపురం ఆయన బండినీ గిటారునీ కలిపి పంటు ఎక్కించి సఖినేటిపల్లి రేవులో దిగుతాడు. అమలాపురం పళ్ళ డాక్టరుగారొకరు. గొడౌను గలాయన కొడుకు. తాళానికి ఊళ్ళో భజన సమాజం డోలక్ ఆయన.

వీళ్ళ సరదా నిజానికి గిటారు మీద కూడా కాదండీ. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్యలో పెట్టే చిన్న చిన్న పెట్టెల మీద. వాటిని పెడల్స్ అంటారు. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, పైన రెండు మూడు నాబులు, కింద కాలితో నొక్కే ఒక స్విచ్. చేతులు రెండూ తీగల మీద ఉంటాయి కాబట్టి ఆ పని కాలికి అప్పగించారు. నాటకాల్లో కాళ్ళతో తిత్తులు తొక్కుతూ హార్మోనియం వాయించేవాళ్ళని చూసిన మనకి ఇందులో వింతేమీ లేదు. ఒక్కొక్కరూ ఐదారు పెట్టెలు ఒక చెక్క మీద వరసగా అతికించి తెచ్చారు. అందరూ చెప్పులు గుమ్మం దగ్గరే విడిచారు. భక్తి కొంత, బొటనవేలికి నాబు తగలాలనే అవసరం కొంత.

పదింటికి మొదలవుతుందన్నారు. పన్నెండున్నర దాకా ఒక్క పాట లేదు. హమ్మింగు, అంటే స్పీకర్లో ఆగని గుయ్యిమనే చప్పుడు.

గొడౌను వెనక చేపల చెరువులున్నాయి. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ మోటార్లున్న లైను మీదే ఈ ఆంప్లిఫయర్లూ ఉన్నాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆ ఊపు తుమ్మెదలా స్పీకర్లో కూర్చుంటుంది. పైగా గిటారు పికప్ అంటే అయస్కాంతం మీద వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. తీగ కంపనాన్ని పట్టడానికి పెట్టిన ఆ చుట్టే గాలిలో ఉన్న చెత్తనంతా పడుతుంది. ఆ తర్వాత ఫజ్ లాంటి పెడల్ నొక్కితే చిన్న చప్పుడు కొండంతవుతుంది, దాంతో పాటు చెత్తా కొండంతవుతుంది.

కుర్రాళ్ళు తీగలు మార్చారు, ప్లగ్గులు మార్చారు, సెల్ ఫోన్లు ఆపేశారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాన్న చివరికి ఉండబట్టలేక అన్నారు.

"ఏరా అబ్బాయ్, ఎర్త్ ఎక్కడ దించారు?"

"వెనకాలండి తాతగారూ."

వెళ్ళి చూస్తే ఏముంది? మే నెల, కాలువలు కట్టేసిన రోజులు. నేల నెర్రెలిచ్చి ఉంది. ఎప్పుడో బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చిన ఎర్త్ గుంట అటుకుల్లా ఎండిపోయింది. నాన్న రెండు బకెట్ల నీళ్ళు పోయించారు. లోపలికొచ్చేసరికి హమ్మింగు సగానికి దిగింది. మిగతా సగంలో ఒక సన్నని ఈల ఉంది. దాన్ని పట్టింది డాక్టరుగారు. ఒకే అడాప్టర్ నుంచి ఐదు పెడళ్ళకి గొలుసులా కరెంటు ఇస్తున్నారు. అందులో ఒకటి డిజిటల్. దాని లోపలి గడియారపు టకటక కరెంటు దారి పట్టుకుని మిగతా వాటిల్లోకి కారుతోంది. దాన్ని విడదీసి 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టగానే ఈల ఆగింది.

ఇక్కడో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక ఆంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నుని ఎవరో పటకారుతో పీకేశారు, హమ్మింగు తగ్గుతుందని. తగ్గుతుంది కూడా, కొన్నిసార్లు. కానీ లోపల ఎక్కడైనా తీగ పెట్టెకి తగిలితే ఆ కరెంటు గిటారు తీగల మీదికి వస్తుంది. చెయ్యి తీగల మీదుండగా పెదవి మైకుకి తగిలితే మధ్యలో ఉన్నది మనిషి. నాన్న ఆ రోజు నిజంగా కోప్పడింది దీనికొక్కదానికే. ప్లగ్గు మార్చేదాకా ఆ ఆంప్లిఫయరుని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

సరే, ధ్వని శుభ్రపడింది. నాన్న మొహం విప్పారింది. అప్పుడు పాలకొల్లు కుర్రాడు బొటనవేలితో ఫజ్ నొక్కాడు.

బర్రుమంది.

"స్పీకరు పోయింది!" అని నాన్న కుర్చీలోంచి సగం లేచారు. "లేదండి తాతగారూ, ఇది ఇలాగే ఉండాలండి" అన్నాడు వాడు, ఆ పెట్టెకి డబ్బు ఇచ్చానని కూడా చెప్పాడు. నాన్న నా వంక చూసిన చూపు నేను మాటల్లో పెట్టలేను.

ఆ బర్రుకో పుట్టుక కథ ఉంది. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో మార్టీ రాబిన్స్ అనే గాయకుడిది 1961లో విడుదలైన పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక ఛానల్ పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు అందులోంచి గరగరలాడుతూ వచ్చింది. తుడిచేయకుండా అలాగే ఉంచారు. జనం చెవి దాని మీద పడింది. గ్లెన్ స్నాడీ అనే ఆ రికార్డింగు ఇంజనీరు అదే గరగర పుట్టించే సర్క్యూట్ తయారు చేస్తే, గిటార్లు తయారుచేసే గిబ్సన్ కంపెనీ వాళ్ళు 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో పెట్టెలో పెట్టి అమ్మారు. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ఒక పాటలో వాడాక ఎగబడ్డారు. అంతకు ముందు ఏడాదే లండన్‌లో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ ఈ ధ్వని కోసం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. ఈ ముక్క చెప్పగానే నాన్న, "చేతులారా కోశాడా? వాళ్ళ నాన్న ఏమనలేదా?" అని అడిగారు.

లోపల జరిగేది తేలికే. గిటారు నుంచి వచ్చే అల గుండ్రంగా లేచి గుండ్రంగా పడుతుంది. ట్రాన్సిస్టరు దాన్ని మోయగలిగిన దానికంటే ఎత్తు పెంచితే తల పట్టదు. బొండం తల కత్తితో ఎగరేసినట్టు అల శిఖరం తెగిపోతుంది. ఆ తెగిన అంచులోంచే అసలు స్వరానికి పైస్థాయి స్వరాలు గుత్తులుగా పుడతాయి. మన చెవికి అది బర్రుమనడం. ఒక తీగ మీటితే నిండుగా ఉంటుంది. రెండు మీటితే అక్కడో విచిత్రం.

కుర్రాడు షడ్జమం, పంచమం కలిపి మీటాడు. నాన్న అటూ ఇటూ చూశారు.

"కింద స్థాయి షడ్జమం ఎవడు వేస్తున్నాడ్రా?"

ఎవరూ వేయడం లేదు. ఒక తీగ సెకనుకి 110 సార్లు, రెండోది 165 సార్లు ఊగుతుంటే, ఫజ్ లోపల ఆ రెంటి తేడా, 55, ఒక కొత్త స్వరంగా తయారవుతుంది. అది సరిగ్గా ఒక స్థాయి కింది షడ్జమం. అందుకే ఫజ్ మీద సపలు బ్రహ్మాండంగా మోగుతాయి. గాంధారం కలిపితే తేడాలు ఒకదానితో ఒకటి పొసగక బురదవుతుంది. ఈ లెక్క పుస్తకంలో చదివినవాణ్ణి నేను. ఆయన చెవితో పట్టేశారు. నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకో చిక్కు. రేకుల కప్పు, ఉక్క. నరసాపురం ఆయన సొంతంగా కట్టుకున్న ఫజ్ ఉదయం బాగా మోగింది, ఇప్పుడు గొంతు పట్టినట్టు తుంపులు తుంపులుగా వస్తోంది. అందులో ఉన్నవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటిల్లో కారిపోయే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుంది. దాంతో లోపలి సర్దుబాటు తప్పుతుంది. ఈ జబ్బు నాన్నకి కొత్త కాదు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసిన చెయ్యి. ఆ డబ్బాని తువ్వాల్లో చుట్టి మంచినీళ్ళ కుండ మూత మీద పెట్టించారు. భోజనాలయ్యేసరికి గొంతు విచ్చుకుంది.

ఆ ట్రాన్సిస్టరు నంబరు ఏసీ128. ఒకప్పుడు మనం వార్తలూ, పాటలూ విన్న రేడియోల్లో ఔట్‌పుట్ దగ్గర జంటగా ఉండేవి. ఫజ్ కట్టేవాళ్ళు ఇప్పుడు వాటికోసం గాలిస్తున్నారు. "మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో గుప్పెడున్నాయి" అని నాన్న అనేసరికి నరసాపురం ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. గుప్పెడున్నా అన్నీ పనికిరావు. ఒక్కోదాని కారుడు ఒక్కో రకం, మీటరు పెట్టి ఏరుకోవాలి.

భోజనం అయ్యాక డిలే పెడల్ తీశారు. తెలుగులో చెప్పాలంటే ఎకో. దీని దగ్గర నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నా చిన్నప్పుడు ఆయన దగ్గర టేపు చుట్టు తిరిగే ఎకో మిషనొకటి ఉండేది. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు కనుసైగ చేసేవాడు, నాన్న నాబు తిప్పేవారు, వన్స్ మోర్లు పడేవి. ఎక్కువ తిప్పితే ఒక సంగతి మీద ఇంకో సంగతి ఎక్కి కూర్చునేది. తెర దించాక చీవాట్లు.

డాక్టరుగారి పెట్టెలో టేపు లేదు, డిజిటలూ కాదు. బకెట్ బ్రిగేడ్ అనే చిప్పు. నిప్పంటుకున్నప్పుడు మనుషులు వరసలో నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటారు చూడండి, పేరు అక్కడిదే. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు కనిపెట్టారు. నాకైతే ఆ గొడౌను గుమ్మమే కనిపించింది. రాశి దగ్గర ఒకడు కాయ విసురుతాడు, రెండోవాడు పట్టి మూడోవాడికి విసురుతాడు, అలా లారీ దాకా. ఒకడు పట్టేటప్పుడు పక్కవాడు విసరాలి. ఒకేసారి అందరూ పడితే కాయ కదలదు, అందరూ విసిరితే కాళ్ళ మీద పడుతుంది. చిప్పులోనూ సరి గదులు, బేసి గదులు వంతులవారీగా తెరుచుకుంటాయి. అలాంటి గదులు 4096 ఉన్న చిప్పులో ధ్వని ఆ చివర్నించి ఈ చివరికి రావడానికి గరిష్ఠంగా సెకనులో ఐదో వంతు పడుతుంది. 35 మీటర్ల అవతల గోడ ముందు చప్పట్లు కొడితే ప్రతిధ్వని తిరిగొచ్చేంత సేపు. చేతులు మారేకొద్దీ కాయ పీచు రాలుతుంది కదా, ధ్వనికీ పైపై మెరుపు రాలుతుంది. అందుకే ఈ ఎకో మసకగా, తలుపు అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. ఆ మసకే వీళ్ళకి ఇష్టం. నాకూ అదే నచ్చింది. డిజిటల్ ఎకో మరీ అద్దంలా ఉంటుంది. అది అసలుతో పోటీపడుతుంది.

ఇంకోటి, ఆ గొడౌనులో ఈ పెట్టె లేకపోతే వాద్యం చచ్చుబడిపోతుంది. మూడు వైపులా పీచు బస్తాలు. పీచు ధ్వనిని తాగేస్తుంది.

చివరికి రెండున్నరకి సంగీతం మొదలైంది. శుద్ధ ధన్యాసి స్వరాల మీద. స గ మ ప ని. పాశ్చాత్యులు బ్లూస్‌లో, రాక్‌లో అరగదీసిన ఐదు స్వరాల మైనర్ స్కేలు ఇదే, వాళ్ళు వేరే దారిలో చేరుకున్నారు. డాక్టరుగారు తంబురాలా సపలు పట్టారు. డోలక్ ఆయన ఆదితాళం ఎత్తుకున్నారు. పాలకొల్లు కుర్రాడు గాంధారాన్ని మధ్యమం దాకా లాగి వదిలాడు. వాడికి ఆ ఊరి గాలి ఎక్కడికి పోతుంది? మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది ఆ పాలకొల్లులోనే. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది, గమకం పూర్తయ్యేదాకా నిలబడదు. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి దాని మీద కర్ణాటక సంగీతం వాయించారు. కరెంటు ఆ స్వరానికి ఊపిరి ఇచ్చింది. ఫజ్ చేసేదీ అందులో కొంత అదే. తల తెగ్గొట్టడం వల్ల పెద్ద స్వరం, ఆరిపోతున్న స్వరం దాదాపు ఒకే ఎత్తులో వినిపిస్తాయి, కాబట్టి స్వరం సాగుతుంది.

అందరికీ అన్నీ కుదిరాయని చెప్పను. నరసాపురం ఆయన నాబులు తిప్పుతూ మూడు ఆవర్తాలు పోగొట్టుకున్నాడు. గొడౌను గలాయన కొడుకు పెట్టెలన్నీ ఒకేసారి నొక్కేసి తుఫాను రప్పించాడు. నలభై నిమిషాలు నడిచిందో లేదో కరెంటు పోయింది. బ్యాటరీ మీదున్న పెట్టె దీపం ఒక్కటే ఎర్రగా మిగిలింది. బయట ఏరేటర్లు కూడా ఆగాయి.

తిరిగొస్తుంటే దారంతా నాన్న మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నిచ్చెన వేయమన్నారు. అటక మీద బూజు పట్టిన పాత బాక్సొకటి దింపించారు. పన్నెండంగుళాల స్పీకరు, కాగితం ఒక పక్క జానెడు చిరిగి వేలాడుతోంది. ఎప్పటికైనా అతికిద్దామని దాచిందే. నేను బంక డబ్బా వెతకబోయాను.

"ఉండనీరా, ముట్టుకోకు" అన్నారు. "వచ్చే ఆదివారం ఇలాగే పట్టుకెళ్దాం."