మా గరాజ్‌లో ఎర్ర పార

అందరికీ నమస్కారం. పోయిన వీడియోలో వాకిట్లో మంచు తోస్తూ మాట్లాడాను కదా. చలి గురించి, స్కూలు సెలవుల గురించి ఏదేదో చెప్పాను. చూసినవాళ్లు నా మాటలు వదిలేసి చేతిలో పార గురించి అడిగారు. ఎర్ర ప్లాస్టిక్ పార. దాని మీద తెల్ల పెయింట్‌తో వంకరటింకరగా ఒక పిల్లి, ఆ పిల్లికి ఐదు కాళ్లు. "మీ పాప వేసిందా అండీ?" అని. కాదండీ. అసలు ఆ పార మాది కాదు, మా దగ్గరికి వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలంటే 2023లో నేను మీ దగ్గర కూడా దాచిన రెండు నెలల సంగతి చెప్పాలి.

ఇవాళ కారులో కూర్చుని మాట్లాడుతున్నాను. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి పార్కింగ్ ఇది. బండి ఆగే ఉంది, కంగారు పడకండి. 1976 నుంచి స్వామి ఈ గుట్ట మీద ఉన్నారు. అంటే నేను పుట్టకముందే ఆయనకి ఇక్కడ ఉండటానికి స్టేటస్ వచ్చేసింది.

2023 ఫిబ్రవరి 8, బుధవారం. పొద్దున తొమ్మిదింటికి క్యాలెండర్‌లో పావుగంట మీటింగ్ కనిపించింది. పావుగంట కూడా పట్టలేదు. అది అయ్యేసరికి నా మెయిల్ తెరుచుకోవడం లేదు. రెండు రోజులకి ఇంటికి ఒక ఖాళీ అట్టపెట్టె వచ్చింది, లాప్‌టాప్ తిరిగి పంపమని. లోపల స్పాంజి, స్పాంజిలో లాప్‌టాప్ కొలతకి సరిపోయే గాడి, మూత మీద వెనక్కి పంపే స్టిక్కర్ ముందే అంటించి ఉంది. నాలుగేళ్లు పని చేసిన మనిషిని పంపేటప్పుడు ఒక్క స్పాంజి ముక్క అడ్డం పెట్టలేదు గానీ, లాప్‌టాప్‌కి మాత్రం మూల మూలకీ పెట్టారు. మా పాప ఆ పెట్టె చూసి "అమ్మా, ఇందులో ఏం వచ్చింది?" అంది. ఏమీ రాలేదమ్మా అన్నాను. అబద్ధం కూడా కాదు.

హెచ్-1బి, అంటే కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క కంఠోపాఠం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి ఇక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, లేదా దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు, ఏది ముందైతే అది. ఈ వెసులుబాటు కూడా 2017 జనవరి నుంచే ఉంది. ఆలోగా కొత్త కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా మనం ఇంకో స్టేటస్‌కి మారడానికి అప్లై చేసుకోవాలి, లేదా పెట్టెలు సర్దుకోవాలి. మనకి అరవై అనగానే షష్టిపూర్తి గుర్తొస్తుంది, ప్రభవ నుంచి అక్షయ దాకా సంవత్సరాలు గుర్తొస్తాయి. నాకు అరవయ్యో రోజు, ఏప్రిల్ 9 ఒక్కటే గుర్తొచ్చేది. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా కూడా చుట్టలేదు, పాప అడుగుతుందని.

మా ఇంట్లో ఇంకో మెలిక ఉంది. హెచ్-1బి నాది, మా ఆయనది దాని మీద ఆధారపడే హెచ్-4. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 నాకు అప్పటికి రాలేదు కాబట్టి ఆయనకి పని చేసే పర్మిట్ లేదు. ముగ్గురి బరువూ నా ఒక్క కాగితం మీదే వేలాడుతోంది. హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించుకోవడానికి కోబ్రా అని ఒకటి ఉంది, పేరు పెట్టినవాడెవడో గానీ భలే పెట్టాడు. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన నిర్వహణ ఖర్చు కింద ఇంకో రెండు శాతం దాకా వేసుకోవచ్చు. ఆ కాగితం వచ్చిన రోజు మా ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లి గిన్నెలు తోమాడు. తోమినవే మళ్లీ తోమాడు.

ఈ కష్టాలన్నీ ఒక ఎత్తు, దాన్ని దాచిపెట్టడం ఒక ఎత్తు. ఎందుకు దాచానంటే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. ఇక్కడ మనవాళ్లు కలిస్తే పేరు, ఊరు అయ్యాక మూడో ప్రశ్న "ఏ కంపెనీ?", నాలుగోది "స్టేటస్ ఏంటి?". గుడిలో గోత్రం, బయట స్టేటస్. ఆ రెండో గోత్రం పోయినదాన్ని నేను. ఇంకా నిజం చెప్పాలంటే, వేరేవాళ్లకి ఉద్యోగం పోయిందని విన్నప్పుడు నేను కూడా మనసులో "పని సరిగ్గా చేసుండదులే" అనుకున్న రోజులు ఉన్నాయి. జనం నన్ను ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు, ఆ జనంలో నేనూ ఉన్నాను కాబట్టి.

అమ్మ రోజూ మా పొద్దున ఏడున్నరకి ఫోన్ చేస్తుంది. "మీటింగ్ ఉందమ్మా" అని పెట్టేసేదాన్ని. పాపని బస్సెక్కించి, ఆఫీసు బట్టలు వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని పిట్స్‌బర్గ్‌లోనే ఓక్‌లాండ్ అనే పేటలో ఉన్న కార్నెగీ లైబ్రరీకి పోయేదాన్ని. ఇంట్లో కూర్చుంటే మా ఆయన మొహం నేను, నా మొహం ఆయన చూసుకోవాలి. ఆ లైబ్రరీ 1895లో తెరిచారు. గుమ్మం పైన రాతిలో "ప్రజలకు ఉచితం" అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. ఎన్నోసార్లు ఆ దారిన పోయాను గానీ ఆ అక్షరాలు ఆగి చదివింది అప్పుడే.

వారం మధ్యలో పొద్దున పదకొండింటికి లైబ్రరీలో ఎవరుంటారో ఎప్పుడైనా చూశారా? వెచ్చదనం కోసం వచ్చి, మూడు కోట్లు తొడుక్కుని, పేపర్ అడ్డం పెట్టుకుని నిద్రపోయే ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ అదే బల్ల దగ్గర రెజ్యూమె దిద్దుకునే ఇంకొకాయన. వాళ్ల మధ్య నేను. మొదటి వారం ఆ పెద్దాయనకి రెండు కుర్చీలు దూరంగా కూర్చున్నాను. మూడో వారానికి, నేను బాత్రూమ్‌కి వెళ్లొచ్చేదాకా నా బ్యాగ్ చూస్తూ కూర్చునేవాడు ఆయనే. ఒక్క రోజు కూడా నా కంపెనీ ఏదని అడగలేదు.

మరి దేవుడు? ఫిబ్రవరి 18న శివరాత్రి వచ్చింది. నాకది పదో రోజు. అందరూ ఆ ఒక్క రాత్రే జాగరణ చేస్తారు, నేను అప్పటికి పది చేసి ఉన్నాను. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, ఆ సామెత కట్టినవాళ్లు పిట్స్‌బర్గ్ ఫిబ్రవరి చూడలేదు. ఆ రాత్రి కూర్చుని నేను చేసింది ప్రార్థన కాదు, బేరం. ఉద్యోగం వస్తే 108 ప్రదక్షిణలు. ఫస్ట్ రౌండ్ ఇంటర్వ్యూ కుదిరితే 11. వారం తిరక్కుండా ఆ ఇంటర్వ్యూ కూడా పోయింది. ఆ భయంలో మా ఆయన జుట్టు తిరుపతికి మొక్కేశాను, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా. ఆ బాకీ ఇంకా అలాగే ఉంది. వెళ్తే పాస్‌పోర్టులో మళ్లీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతో ఇప్పటిదాకా ఇండియా వెళ్లలేదు. స్వామి వడ్డీకాసులవాడు, వడ్డీ పెరుగుతోంది, ఇటు మా ఆయన జుట్టు తగ్గుతోంది.

ఇదే టైములో మీకు మూడు వీడియోలు కూడా పెట్టాను. వంటగది అల్మరా సర్దుకోవడం గురించి ఒకటి ఉంది చూడండి, అది పంతొమ్మిదో రోజు. అందులో డబ్బాలకి లేబుళ్లు అంటిస్తూ ఎంత హాయిగా నవ్వుతున్నానో! అది తీసేద్దామనుకున్నాను చాలాసార్లు. ఉండనీ అనిపించింది.

మార్చి 22, ఉగాది. నలభై రెండో రోజు. పట్టుచీర కట్టుకుని ఇదే గుడికి వచ్చాను, రాకపోతే "ఏం రాలేదు?" అంటారని. అర్చనకి లైన్లో నిలబడ్డాను. సంకల్పం చెబుతున్నారు. అమెరికాలో చాలాచోట్ల జంబూద్వీపే, భరతవర్షే అనరు. క్రౌంచద్వీపే, రమణకవర్షే అంటారు. తర్వాత సంవత్సరం పేరు, ఋతువు, మాసం, తిథి. ఆ తర్వాత గోత్రం, పేరు. ఇవన్నీ అయ్యాకే కోరిక. ఎన్నేళ్లుగా వింటున్నానో. ఆ రోజు మాత్రం చెవిలో వేరేగా పడింది. ఏదైనా అడిగే ముందు నువ్వు ఎక్కడున్నావో, ఇప్పుడు ఏ రోజో, నువ్వెవరో చెప్పుకోవాలి. ఊరు మారితే మంత్రంలో ద్వీపం పేరు కూడా మార్చి మరీ చెబుతున్నారు. దేవుడికి తెలియక కాదు కదా. నేను మాత్రం ఎక్కడున్నానో నలభై రెండు రోజులుగా ఒక్కరికీ చెప్పలేదు. ఆయన దగ్గర కూడా ఉద్యోగం కావాలన్నానే తప్ప, పోయింది స్వామీ, నాకు భయంగా ఉంది అని ఒక్కసారి అనలేదు.

నా వంతు వచ్చింది. గోత్రం, పేర్లు చెప్పాను. అర్చకస్వామి ఎప్పటిలాగే ఉద్యోగ వ్యాపార అభివృద్ధి అంటూ మొదలుపెట్టారు. నాకు నోరు ఎలా వచ్చిందో తెలీదు. "ఉద్యోగమే లేదు స్వామీ" అనేశాను, గట్టిగానే. ఆయన ఒక్క క్షణం ఆగి, "మంచిది తల్లీ, అలాగే చెబుదాం" అని మళ్లీ మొదలుపెట్టారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. వెనక్కి తిరిగి చూడాలంటే సిగ్గు.

తీర్థం తీసుకుని పక్కకి వచ్చాక ఎవరో భుజం తట్టారు. ముఖపరిచయం ఉన్నావిడే, వాళ్లబ్బాయీ మా పాపా ఇక్కడ ఆదివారం తెలుగు క్లాసులో కలిసి కూర్చునేవాళ్లు. "నాది జనవరిలో పోయిందండీ. ఇంకా నాలుగు రోజులుంది" అంది. ఏం మాట్లాడాలో తెలియక, "బి-2కి వేశారా?" అన్నాను, అంటే విజిటర్ స్టేటస్‌కి. దుఃఖంలో కూడా మనకి ఫారాలే గుర్తొస్తాయి. ఇద్దరం ఇదిగో ఈ పార్కింగ్‌లోనే, వాళ్ల వ్యాన్‌లో హీటర్ వేసుకుని గంటన్నర కూర్చున్నాం. నలభై రెండు రోజుల్లో నేను కడుపునిండా ఏడ్చింది ఆ గంటన్నరే. ఆవిడ ఏడవలేదు, టిష్యూలు అందించింది. పైగా, "మీకింకా పద్దెనిమిది రోజులున్నాయండీ, షావుకారు" అని ఏడిపించింది.

ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ ఎవరికి చెప్పుకున్నావే?" అంది. దేవుడికి చెప్పుకున్నానమ్మా అన్నాను. "ఆ స్వామే కష్టమొస్తే వెళ్లి వకుళమ్మకి చెప్పుకున్నాడు. నువ్వు ఆయన కంటే గొప్పదానివా?" అని ఫోన్ పెట్టేసింది. రెండు నిమిషాలకి మళ్లీ చేసి, డబ్బులేమైనా పంపమంటావా అంది.

మర్నాడు తెలిసినవాళ్లందరికీ ఒకే మెసేజ్ పెట్టాను. ఫలానా రోజున పోయింది, ఫలానా రోజు దాకా టైముంది, ఫలానా పని వచ్చు. అందులో ఒక పాత కొలీగ్ తన మేనేజర్‌కి పంపాడు. ఆ కంపెనీలో అప్పటికే ఒక ఖాళీ ఉండి, వాళ్లకి తొందర కూడా ఉంది. మార్చి 24న ఆఫర్ వచ్చింది, మునుపటి కంటే తక్కువ జీతానికి. పిటిషన్‌కి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ అని జీతం, పని షరతుల మీద ఒక ఆమోదం రావాలి, దానికి ఏడు పని దినాలు. మధ్యలో శని, ఆదివారాలు. ఆ ఏడు రోజులు నేను ఎలా ఉన్నానో మా ఆయన తోమిన గిన్నెలకే తెలియాలి. ఏప్రిల్ 7, శుక్రవారం, యాభై ఎనిమిదో రోజున పిటిషన్ చేరింది. చేరితే చాలు, కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ ఆపేస్తే "ఉగాది రోజు మొక్కుకుంది, రెండు రోజుల్లో ఉద్యోగం వచ్చింది" అని ఎవరో ఒకరు థంబ్‌నెయిల్ చేస్తారు. నేను ఆ మాట అనను. ఎందుకంటే అదే లైన్లో, నా వెనకే, అదే స్వామి ముందు నిలబడ్డ ఆవిడకి రాలేదు. నాకంటే ఎక్కువ అనుభవం, నాకంటే ఎక్కువ నిష్ఠ, శనివారం ఉపవాసం తప్పని మనిషి. ఆయన నా మాట విన్నాడంటే ఆవిడది వినలేదని అనాలి. నా నోటికి ఆ మాట రాదు. ఎందుకలా జరిగిందో చెప్పే వివరణ నా దగ్గర లేదు. కర్మ అనేవాళ్లున్నారు. అంటున్నవాళ్లు అందరూ ఉద్యోగం ఉన్నవాళ్లే, అది మాత్రం గమనించాను.

ఆవిడ బి-2కి అప్లై చేసి, బాబుకి స్కూలు సంవత్సరం పూర్తయ్యేదాకా ఉండి, జూన్‌లో హైదరాబాద్ వెళ్లిపోయింది. వెళ్లే వారం సామాన్లు సర్దడానికి వెళ్లాను. సోఫా ఎవరికో, మంచం ఎవరికో, మైక్రోవేవ్ ఎవరికో. గోడల మీద మేకుల గుర్తులు కప్పడానికి పుట్టీ రాస్తూ ఉంది, డిపాజిట్ తిరిగి రావాలి కదా. గరాజ్ మూల నుంచి ఈ ఎర్ర పార తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీసుకోండి. అక్కడ దీనితో నేనేం చేసుకుంటాను, మామిడికాయలు తోసుకుంటానా?" అంది. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి. ఈసారి టిష్యూలు నేనిచ్చాను. చేతినిండా పుట్టీ, మొహమంతా తెల్లగా అయింది.

ఇప్పుడు మాట్లాడుకుంటూనే ఉంటాం. అక్కడ ఉద్యోగం దొరికింది, బాబుకి స్కూలు అలవాటు పడటానికి మాత్రం ఏడాది పట్టింది. నేను ఇప్పటికీ నెలకి రెండుసార్లు ఆ లైబ్రరీకి వెళ్తాను, రెజ్యూమె చూసిపెట్టమని అడిగినవాళ్లతో కూర్చోవడానికి. ఆ పెద్దాయన ఈ చలికాలం కనిపించలేదు. రెండుసార్లు ఆ కుర్చీలు వెతికాను.

నిన్న మంచు తోస్తుంటే పార పిడి వదులైంది, టేప్ చుట్టాను. పిల్లి బొమ్మ కూడా ఒకవైపు చెరిగిపోతోంది. సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్లబ్బాయికి చూపించి, "ఐదో కాలు పోయిందిరా, మళ్లీ వేయనా?" అన్నాను. వాడికి కోపం వచ్చింది. అది కాలు కాదట ఆంటీ, తోకట.