పల్లకి వస్తుందని తెలిసి చూసే ‘మల్లీశ్వరి’

అందరికీ నమస్కారం.

ఇంటికి ఏ చుట్టం వచ్చినా రామప్పకు తీసుకుపోయి, మదనికలనే ఆడశిల్పాల కింద మళ్లీ మనమే మెడలెత్తి నిలబడే ఊరు మనది. చూసిందే ఎందుకు చూడాలని హనుమకొండలో ఎవరూ అడగరు. అయినా మైకు చేతికిచ్చారు కాబట్టి ‘మల్లీశ్వరి’ గురించి నాలుగు మాటలు చెబుతాను.

1951లో వచ్చిన వాహినీ వారి చిత్రం. దర్శకుడు బి.ఎన్.రెడ్డి, మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరు రాజేశ్వరరావుది. నాగరాజు ఎన్టీఆర్, మల్లి భానుమతి. ఇవన్నీ మీకు తెలిసినవే.

నేను సత్రం దగ్గర ఆగుతాను. వాన కురిసే రాత్రి బావామరదళ్లు నాగరాజు, మల్లి అక్కడ తలదాచుకుంటారు. మారువేషాల్లో శ్రీకృష్ణదేవరాయలు, పెద్దన కూడా అక్కడికే చేరతారు. మల్లి ఆటపాటలకు ముచ్చటపడతారు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని నాగరాజు, రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకి పంపించండని వేళాకోళమాడతాడు. మొదటిసారి చూసినప్పుడు హాయిగా నవ్వుతాం. రెండోసారి ఆ మాట నోటినుంచి రాకముందే, ‘అనకు నాయనా’ అని అతడి నోరు మూయాలనిపిస్తుంది. ఎందుకంటే పల్లకి నిజంగానే వస్తుంది. మల్లిని బావకు దూరం చేసి రాణివాసానికి మోసుకుపోతుంది.

ఆ తర్వాత చూసినప్పుడు రాయలను గమనించండి. ఆయన చెడు తలపెట్టలేదు, అడిగిన కోరిక తీర్చాననుకున్నాడు. దుర్మార్గుడొకడు ఉంటే వాణ్ణి తిట్టుకుని ఇంటికి పోయేవాళ్లం. ఇక్కడ తిట్టడానికి మల్లి తల్లి ఒక్కతే మిగులుతుంది. డబ్బాశ మనిషని నేనూ చిన్నప్పుడు తిట్టుకున్నదాన్నే. ఆడపిల్లను కన్నాక, సంపాదన లేని అల్లుణ్ణి చూసి ఆమె పడే గాభరా కొంచెం అర్థమవుతోంది. పూర్తిగా క్షమించానని మాత్రం అనను.

ఇక ‘మనసున మల్లెల’ పాట. ఎడబాటు తర్వాత కలిసిన రాత్రి అది. ఎన్నాళ్లో దాన్ని ఆనందపు పాటగానే విన్నాను. మాటలు పట్టుకుని వినండి. గువ్వల గుసగుసకు, గాలికి, అలలకు, దూరాన వేణువుకు, దేనికి ఉలిక్కిపడినా బావే వచ్చాడనుకున్నానని మల్లి చెబుతుంది. వెంటనే, ఘడియైనా విడిచిపోవద్దని వేడుకుంటుంది. అంత హాయిలోనూ భయం దాగి ఉంది. భానుమతి దాన్ని ఏడుపుగా మార్చకుండా పాడింది. నా మటుకు ఈ సినిమా ప్రాణం అక్కడే ఉంది.

ఇంకొక్క మాట. శిల్పి అయిన నాగరాజు ఉలి పట్టుకుంటే రాతిలో మల్లి రూపే వస్తుంది. అది చూశాకే, 1213 నాటి మన రామప్ప గుడిలో ఆ నల్లరాతి మదనికల ముఖాలు ఎవరివై ఉంటాయన్న ఆలోచన నాకు వచ్చింది. చరిత్రకారులు నవ్వితే నవ్వనివ్వండి.

కథంతా చెప్పేశానని కొత్తగా చూసేవాళ్లు కోప్పడకండి. వారికి రెండోసారి చూసే భాగ్యం ఈ రోజే దక్కుతోంది. ఇక బొమ్మ వేయించండి.