పడవలో మొదలయ్యే శిక్షణ: గోదావరి డెల్టాలో ల్యాబ్ సిబ్బందికి ఏం నేర్పాలి?

(దృశ్యం: కోరంగి దగ్గర మడ అడవుల మధ్య ఒక పాయ. ఇంజను ఆపిన పడవ. ఒకాయన తాడు కట్టిన సీసాను నీళ్లలోకి వదులుతున్నారు.)

వ్యాఖ్యానం:
నమస్కారం. ఈయన ప్రొఫెసరు కాదు, పరిశోధక విద్యార్థీ కాదు. విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్ర విభాగం ల్యాబ్ అసిస్టెంటు. భూగోళ, పర్యావరణ శాస్త్ర విభాగాలు నడిచేది ఇలాంటివాళ్ల మీదే: ల్యాబ్ అటెండర్లు, స్టోర్ కీపర్లు, మ్యాపుల గది చూసేవాళ్లు, జీపు డ్రైవర్లు. వీళ్లకు శిక్షణ అనగానే మనకు తోచేది ఒక ఏసీ హాలు, వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్టు. సూటిగా చెప్తున్నాను, డెల్టాలో నీళ్లూ మట్టీ పరీక్షించే మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆయనకు కావలసిన పాఠాలు ఈ పడవలో ఉన్నాయి.

(తెరపై: డెల్టా పటం. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా పాయలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.)

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వరదల కాలంలో ఈ పాయల్లో మొగ దాకా, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటి దాకా, మంచినీరే. వేసవిలో బ్యారేజీ నుంచి కిందికి వచ్చే నీరు బాగా తగ్గిపోతుంది, పోటు మీద సముద్రం పాయల్లోకి ఎగదన్నుతుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది, మంచినీరు దాని మీద తేలుతుంది. అంటే ఒకే చోట, ఒకే సమయంలో, పైన నింపిన సీసాకూ అడుగున నింపిన సీసాకూ పొంతన లేకపోవచ్చు. ‘యానాం దగ్గర నమూనా తీశాం’ అని సీసా మీద రాసి ఊరుకుంటే ఆ నీళ్లు ఎందుకూ కొరగావు. ఎంత లోతు, ఎన్ని గంటలకు, పోటులోనా పాటులోనా (నీరు పొంగేటప్పుడా, తగ్గేటప్పుడా) అన్నది అక్కడికక్కడే రాయాలి.

(దృశ్యం: పడవ నడిపే పెద్దాయన చేయి చాచి ఒక సన్నటి పాయ వైపు చూపిస్తున్నారు.)

పెద్దాయన: ఇంకో గంటలో పాటు మొదలవుతుంది బాబూ. ఇప్పుడు ఆ చిన్న పాయలోకి వెళ్తే మళ్లీ పోటు వచ్చేదాకా బురదలో కూర్చోవాలి.
ల్యాబ్ అసిస్టెంటు: అయితే పెద్ద పాయలోవి ముందు తీసేద్దాం బాబాయ్. చిన్నదానికి రేపు పొద్దున్నే వద్దాం.

వ్యాఖ్యానం:
ఈ రెండు మాటల్లో ఒక రోజు పని నిలబడింది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ రోజు వచ్చిన వేళకు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఆటుపోట్ల పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా అచ్చు వేస్తుంది. వాటిని చదవడం ఒక్క పూటలో నేర్పవచ్చు. జీపు ఎన్నింటికి బయలుదేరాలో ఆ పట్టిక చూసి చెప్పగలిగే డ్రైవరు ఉంటే విభాగం అదృష్టమే.

(దృశ్యం: కండక్టివిటీ మీటరు దగ్గరగా. పక్కన రెండు చిన్న సీసాలు. వాటి మీద 1413, 12,880 అని చీటీలు.)

ఇప్పుడు మీటరు సంగతి. నీటిలో ఉప్పు ఎంతుందో విద్యుత్ వాహకతతో కొలుస్తాం. కొలిచే ముందు విలువ తెలిసిన ద్రావణంతో మీటరును సరిచూసుకోవాలి. చాలా ల్యాబుల్లో ఉండే ద్రావణం ఒకటే, 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1,413 మైక్రోసీమెన్లు చూపించేది. కాలువ నీటికీ బోరు నీటికీ అది చాలు. మొగ దగ్గర నీటి లెక్క వేరు, సముద్రపు నీరు 50 వేల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడికి వెళ్లేటప్పుడు 12,880 మైక్రోసీమెన్ల ద్రావణంతో కూడా సరిచూడాలి. ఇంకొకటి, వేడి ఒక డిగ్రీ మారితే వాహకత సుమారు 2 శాతం మారుతుంది. మే నెల ఎండలో పడవ చెక్క మీద కాసేపు పెట్టిన బీకరులోని నీళ్లు ఏం చూపిస్తాయో ఊహించుకోండి. మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉందా, అది పనిచేస్తోందా అన్నది బయలుదేరే ముందే చూసుకోవాలి.

(దృశ్యం: గాజు మూత ఉన్న బీఓడీ సీసా, ఆక్సిజన్ పరీక్షకు వాడేది. పిపెట్ కొన నీటి మట్టం కిందికి దిగుతోంది.)

కరిగిన ఆక్సిజన్ ఇంకా పెంకి వ్యవహారం. సీసాను మూత దాకా నింపి, గాలి బుడగ లేకుండా చూసి, అక్కడే, పడవలోనే మాంగనస్ సల్ఫేటు, ఆ తర్వాత ఆల్కలీ అయొడైడ్ అజైడ్ కలపాలి. పిపెట్ కొన నీళ్లలో మునగాలి. మూత పెట్టి తలకిందులుగా తిప్పితే గోధుమ రంగు ముద్ద దిగుతుంది. అది తెల్లగా ఉందంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. రొయ్యల చెరువుల నీరు కలిసే మురుగు కాలువలో ఇలా తెల్లబడిన సీసాను ఒక్కసారి చేత్తో పట్టుకున్నవాళ్లకు ఈ పరీక్ష మళ్లీ చెప్పనక్కర్లేదు. ల్యాబుకు తెచ్చాక చూద్దాంలే అని రసాయనాలు కలపకుండా మూత బిగిస్తే, దారిలో సీసాలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేస్తూనే ఉంటాయి.

ల్యాబులోకి వచ్చాక సీఓడీ పరీక్షలో (నీటిలోని కాలుష్యాన్ని రసాయనాలతో కొలిచేది) మిగిలే ద్రవం గురించి కూడా ఒక మాట. అందులో పాదరసం, క్రోమియం ఉంటాయి. దాన్ని సింకులో పోయకూడదు, విడిగా డబ్బాలో పట్టి, చీటీ అంటించి, రిజిస్టరులో రాసి అప్పగించాలి.

(తెరపై: పాత టోపోషీటు. దాని మీద ఉపగ్రహ చిత్రం. రెండూ కలవడం లేదు.)

మ్యాపుల గది చూసేవాళ్లకు అసలైన పాఠం ఇది. సర్వే ఆఫ్ ఇండియా పటాలనే టోపోషీట్లు అంటారు, డెల్టాలో ఎక్కువ భాగం 65 హెచ్, 65 ఎల్ నంబర్ల షీట్లలో వస్తుంది. పాత షీట్లు ఎవరెస్ట్ ప్రమాణం మీద గీసినవి. ప్రమాణమంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి భూమి ఆకారాన్ని ఎలా తీసుకున్నారన్నది. మన ఫోనులోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ప్రమాణం మీద నడుస్తుంది. రెంటినీ సవరించకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే ఇక్కడ సుమారు 200 మీటర్ల తేడా పడుతుంది. కోనసీమలో 200 మీటర్లంటే కొబ్బరితోట దాటి చెరువులో పడ్డట్టే. విద్యార్థి వచ్చి ‘చుక్కలు నీళ్లలో పడుతున్నాయండీ’ అంటే మొదట అడగాల్సింది ఏ ప్రమాణం మీద ఉన్నాయని. పటాల పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. భూమిని మండలాలుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో డెల్టా 44 ఉత్తర మండలంలో ఉంది. ఇవి తెలిసినవాళ్లు ఆ తేడాను కూర్చున్నచోటనే సరిచేస్తారు.

(దృశ్యం: మడ అడవిలో ఒక చెట్టు. కోసిన కొమ్మ నుంచి తెల్లటి పాలు.)

దీన్ని తిల్ల అంటారు. ఈ పాలు కంట్లో పడితే మంట, కొంతసేపు చూపు పోవడం కూడా జరగవచ్చు. కొత్త విద్యార్థులతో అడవిలోకి దిగే ముందు కళ్లజోళ్లు, మంచినీళ్ల డబ్బా, నిండు చేతుల చొక్కా ఉన్నాయో లేదో చూసే బాధ్యత సాధారణంగా అటెండరు మీదే పడుతుంది. ఆయనకు ఈ చెట్టును ఎవరైనా చూపించారా? వరద హెచ్చరికలూ అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వస్తే పడవ కట్టేయాలని విభాగంలో రాతపూర్వకంగా ఉండాలి. ‘సారు రమ్మన్నారు’ అని ఎవరూ ఏట్లోకి దిగకూడదు.

(తెరపై: డెహ్రాడూన్, హైదరాబాద్ గుర్తులున్న భారత పటం.)

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ దూరవిద్య కార్యక్రమం 2007లో మొదలైంది, ఆన్‌లైన్ కోర్సులకు రుసుము లేదు. సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్ ఉప్పల్‌లో శిక్షణ సంస్థ ఉంది. కాలుష్య పరీక్షలకు అదే నగరంలో ఈపీటీఆర్ఐ అనే పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. పడవలో చేసే పని మాత్రం మన దగ్గరే, అనుభవమున్న సీనియర్ల చేత నేర్పించాలి.

బ్రిటన్‌లో 2017లో టెక్నీషియన్ కమిట్‌మెంట్ అనే ఒప్పందం మొదలైంది. టెక్నీషియన్ల పని పదిమందికీ కనబడాలి, దానికి గుర్తింపు దక్కాలి, వాళ్లకు ఎదుగుదల ఉండాలి, ఆ నైపుణ్యం తర్వాతివాళ్లకు అందాలి అని అక్కడి విశ్వవిద్యాలయాలు సంతకాలు చేశాయి. మన దగ్గర ఒప్పందాల దాకా వెళ్లక్కర్లేదు. కొలత తీసినవాళ్ల పేరు, మీటరు సరిచూసిన తేదీ నోటుపుస్తకంలో రాయించి, పరిశోధనా పత్రం చివర కృతజ్ఞతల్లో ఆ పేరు వేస్తే ముందు చాలు. చాలామంది పర్యవేక్షకులకు అది కూడా గుర్తుండదు.

చివరగా, మీరే ల్యాబ్ అసిస్టెంటు అయితే ఒక పని చేయండి. శిక్షణకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ రోజులను సెలవు కింద కాకుండా ఆన్‌డ్యూటీగా రాయించుకోండి. సర్టిఫికెట్టు రాగానే దాని నకలు సర్వీసు రిజిస్టరులో చేర్చమని విడిగా ఇంకో కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.