సోమాలీ పిల్లల ఫంక్షన్‌కి కుర్చీలు మోసిన కథ

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి మైక్ వినబడుతోందా? సరే. మన తెలుగు సంఘం వాళ్ళు నన్ను పిలిచింది కమ్యూనిటీ ఈవెంట్ ఎలా చెయ్యాలో నాలుగు మాటలు చెప్పమని, నేనేమో మన ఉగాది గురించి కాదండీ, మొన్న జూన్‌లో సోమాలీ పిల్లలు, అంటే ఆఫ్రికాలోని సోమాలియా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, చేసుకున్న ఒక ప్రోగ్రాం గురించి చెప్తానన్నాను. సెక్రటరీ గారు ఒక్క క్షణం ఆగి "సరే అమ్మా, పావుగంటే" అన్నారు. ఆయన ఆగిన ఆ ఒక్క క్షణం గురించే మాట్లాడదామని వచ్చాను, ఏమనుకోకండి సార్.

ముందు నా సంగతి ఒప్పేసుకుంటా. నేను మినియాపోలిస్ వచ్చి పద్నాలుగేళ్ళు. వచ్చిన మొదటి వారంలోనే, పప్పు ఏ షాపులో బాగుంటుంది, చలికోటు ఎక్కడ కొనాలి అని చెప్పిన నోటితోనే మనవాళ్ళు చెప్పారు, చీకటి పడ్డాక సీడర్ రివర్‌సైడ్ అనే పేట వైపు వెళ్ళకండి, అక్కడంతా సోమాలీలు అని. ఎందుకు వెళ్ళకూడదో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకుండా పన్నెండేళ్ళు అలా హైవే మీద నుంచి ఆ రంగురంగుల పలకలున్న ఎత్తు బిల్డింగులు, అదే రివర్‌సైడ్ ప్లాజా, చూసుకుంటూ ఆఫీసుకి పోయాను, ఒక్కసారి కూడా ఆ ఎగ్జిట్ తీసుకోలేదు. ఆ పేటలో ఒకప్పుడు స్వీడన్, నార్వే నుంచి వచ్చిన కూలీ జనం ఉండేవాళ్ళట, అప్పట్లో వాళ్ళ గురించీ తాగుబోతులని చెప్పుకునేవాళ్ళట. పేట అదే, మారింది మనుషులే.

మా అమ్మాయి స్కూల్లో డిబేట్ టీంలో చేరాక కథ మారింది. దాని పార్ట్‌నర్ సోమాలీ పిల్ల. ఒకరోజు రాత్రి దింపడానికి వెళ్తే వాళ్ళమ్మ పైకి రమ్మని పట్టు పట్టింది, కాదంటే ఊరుకోలేదు. షాహ్ ఇచ్చింది, అంటే ఏలకులు, లవంగం, దాల్చిన చెక్క వేసి కాచిన పాల టీ. తర్వాత బరీస్, మసాలా అన్నం మీద మేక మాంసం, ప్లేటు పక్కన తొక్క తియ్యని అరటిపండు. భోజనం అయ్యాక తినడానికేమో అనుకున్నా. ఆ పిల్ల పండు ఒలిచి, ముక్క తుంచి, ఆ కారం అన్నంతోనే కలిపి నోట్లో పెట్టుకుంది. మా తాతయ్య అమలాపురంలో పెరుగన్నంలో చక్కెరకేళి నలుపుకుని తినేవాడు, అమెరికాలో పుట్టిన మా అమ్మాయికి అది చెప్తే ఇన్నాళ్ళూ "యాక్" అనేది, ఆ రోజు నోరు మూసుకుని అరటిపండుతో అన్నం తినేసింది.

ఇంకో ముక్క చెప్పాలి. ఆ ఇంటి పిల్లలు నన్ను "హబర్‌యర్" అని పిలుస్తారు, అంటే అమ్మ అక్కచెల్లెళ్ళు, మన పెద్దమ్మా పిన్నీ అన్నమాట. నాన్న అన్నదమ్ములు అదేర్, అమ్మ అన్నదమ్ములు అబ్తి. ఇంగ్లీషులో అందరూ అంకులే కదా, ఇక్కడ బాబాయికీ మామయ్యకీ తేడా తెలిసిన ఇంకో జాతి ఉందని నాకు పన్నెండేళ్ళ తర్వాత తెలిసింది.

సరే, ప్రోగ్రాం. 1960 జూలై 1న సోమాలియా స్వతంత్ర దేశంగా ఏర్పడింది, 1991లో సియాద్ బర్రె ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం ముదిరాక జనం చెల్లాచెదురయ్యారు, 90ల్లో ఇక్కడ మిన్నెసోటాలో టర్కీ కోడి మాంసం ప్లాంట్లలో పని దొరుకుతుందని కొందరు వచ్చారు, వాళ్ళ వెనక చుట్టాలు. ఇప్పుడు అమెరికాలో ఎక్కువమంది సోమాలీలు ఉన్న రాష్ట్రం ఇదే. జూలై 1 చుట్టూ పెద్దవాళ్ళ పండగలు ఎలాగూ ఉంటాయి, ఇక్కడి సోమాలీ పిల్లలు తొమ్మిది మంది, పదహారు నుంచి ఇరవై రెండేళ్ళ వాళ్ళు, మాదంటూ ఒకటి చేస్తాం, మా మీద చెడు ప్రచారానికి జవాబు చెప్తాం అన్నారు. నన్ను లెక్కలు చూడమన్నారు. మనం ఐటీ వాళ్ళం కాబట్టి ఎక్సెల్ వచ్చు అని వాళ్ళకీ ఒక స్టీరియోటైప్ ఉందిలెండి.

లైబ్రరీ గదిలో మొదటి మీటింగ్. ఒక కుర్రాడు పోస్టర్ డిజైన్ తెచ్చాడు, పైన పెద్ద అక్షరాల్లో "మేం టెర్రరిస్టులం కాదు". నాకు బాగానే అనిపించింది. అంతలో మూలన కూర్చుని చిప్స్ తింటున్న ఒక పిల్ల "నువ్వు కాదని రాస్తే జనం చదివేది ఏ మాట?" అంది. గది మొత్తం సైలెంట్. తర్వాత గంటసేపు గొడవ. వాడి బాధ వాడిది, ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళ నాన్నని పక్కకి తీసుకెళ్ళి రెండు గంటలు కూర్చోబెట్టారు, వాడికి అప్పుడు ఆరేళ్ళు.

చెడ్డపేరు గాల్లోంచి ఊడిపడిందని నేను అనను. 2007 నుంచి రెండు మూడేళ్ళలో ఈ ఊరి నుంచే ఇరవై మంది దాకా కుర్రాళ్ళు సోమాలియాలోని అల్ షబాబ్ అనే తీవ్రవాద ముఠాలో చేరడానికి వెళ్ళారు, నిజమే. అదే 2007లో ఇక్కడి సోమాలీ యువకులే కా జూగ్ అని సంస్థ పెట్టుకున్నారు, మాదకద్రవ్యాలకీ హింసకీ "దూరంగా ఉండు" అని ఆ పేరుకి అర్థం, అదీ నిజమే. రెండో సంగతి మన వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఫార్వర్డ్ చేశారా? నాకైతే రాలేదు.

అలాగే 2022లో, పిల్లల భోజనాలకి గవర్నమెంట్ ఇచ్చిన డబ్బు కొట్టేసిన కేసు, ఇరవై అయిదు కోట్ల డాలర్లు, ముద్దాయిల్లో ఎక్కువమంది సోమాలీలే. కానీ ఆ కేసుకి మూలమైన ఫీడింగ్ అవర్ ఫ్యూచర్ అనే సంస్థని పెట్టి నడిపింది ఒక తెల్లావిడ, 2025 మార్చిలో జ్యూరీ ఆవిణ్ణి దోషి అని తేల్చింది. ఆవిడ వల్ల తెల్లవాళ్ళందర్నీ ఎవరూ ఏమీ అనలేదు.

చివరికి ఏం తేలిందంటే, పోస్టర్ మీద ఆ గొడవే వద్దు. "స్టీరియోటైప్‌ల మీద అవగాహన సదస్సు" అంటే వచ్చేది ఆల్రెడీ మంచివాళ్ళే, మనసులో అనుమానం ఉన్నవాడు ఎందుకొస్తాడు? కాబట్టి "సంబూస తినడానికి రండి, ఫుట్‌బాల్ ఆడడానికి రండి" అని రాశారు. సంబూస అంటే మన సమోసాకి చుట్టమే, ఆలూ బదులు కైమా. పోస్టర్ గోడలకి అంటించి వదల్లేదు, ఇద్దరిద్దరు చొప్పున చుట్టుపక్కల ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లకీ, ఒక లూథరన్ చర్చికీ నడిచి వెళ్ళి చేతికిచ్చి పిలిచారు, మన పెళ్ళి పిలుపుల్లాగా, బొట్టు ఒక్కటే తక్కువ.

కష్టాలు కూడా చెప్పాలి. ముందు మాట్లాడిన హాలు వాళ్ళు అడ్వాన్స్ తీసుకుని, ఎవరి ప్రోగ్రామో తెలిశాక "రిపేర్లు" అన్నారు. నేను మా పేరుతో ఫోన్ చేస్తే అదే తేదీకి ఖాళీ ఉందన్నారు! పిల్లలకి కోపం రాలేదండీ, నవ్వారు, ఆ నవ్వు చూసే నాకు ఏడుపొచ్చింది. ఇంకో చోట దొరికింది, పార్క్ పక్కన పాత హాలు. షెడ్యూల్ నేనే వేశాను, అయిదుంబావుకి క్విజ్ పెట్టాను, సరిగ్గా అసర్ నమాజ్ టైముకి, సగం మంది లేచి వెళ్ళిపోతే మైక్ పట్టుకుని నేనొక్కదాన్నే ప్రశ్నలు అడుగుతూ నిలబడ్డాను. రెండింటికి మొదలవ్వాల్సింది నాలుగింటికి మొదలైంది, ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు పుట్టింట్లో ఉన్నట్టే ఉంది.

అన్నిటికంటే బాగా నడిచింది చిప్స్ పిల్ల ఐడియా. ఒక టేబుల్, రెండు కుర్చీలు, "ఏదైనా అడగండి" అని చిన్న అట్ట. మొదటి గంట ఎవరూ కూర్చోలేదు. తర్వాత చర్చి నుంచి వచ్చిన ఒక తాతగారు, బేస్‌బాల్ టోపీ, చేతిలో సంబూస, కూర్చుని నేరుగా ఆ భోజనాల కేసు అడిగాడు. ఎదురుగా పదహారేళ్ళ కుర్రాడు. వాడు స్పీచ్ ఏమీ ఇవ్వలేదు, "కేసు పెట్టినప్పుడు నేను ఎనిమిదో క్లాసు, మా అమ్మ నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీ చేసేది, దొంగతనం చేసినవాళ్ళ మీద మీకంటే నాకే ఎక్కువ కోపం, ఎందుకంటే మీరు ఈ ప్రశ్న నన్నడుగుతున్నారు, వాళ్ళని కాదు" అన్నాడు. తాతగారు సంబూస కింద పెట్టేశాడు. ఆయన మారిపోయాడని చెప్పలేను, ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు, కానీ లేవలేదు, ఇంకో అరగంట కూర్చున్నాడు, తర్వాత మాటలు చేపలు పట్టడం మీదికి వెళ్ళిపోయాయి.

అది వింటుంటే నాకు 2019 జనవరి గుర్తొచ్చింది. ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ, ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీసా మోసాలు పట్టుకోడానికి అమెరికా గవర్నమెంటే పెట్టిన దొంగ యూనివర్సిటీ, 129 మంది ఇండియా స్టూడెంట్లని అరెస్ట్ చేశారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. ఆ వారం ఆఫీసులో ఒకాయన నవ్వుతూ "నీ డిగ్రీ ఒరిజినలే కదా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు చెప్పినట్టు జవాబు చెప్పడం నాకు చేతకాలేదు.

చివర్లో ఒక ఆయెయో, అంటే అమ్మమ్మ, బురాన్‌బుర్ పాడింది. ఆడవాళ్ళు డప్పు మీద చెప్పే కవిత్వం అది. వాళ్ళ భాషకి ఇప్పుడున్న లిపి అధికారికంగా వచ్చిందే 1972లో, అంతకుముందు కవిత్వమంతా ఎక్కువగా నోటి మీదే నడిచింది. మనవడు పక్కన నిలబడి లైను లైనుకీ ఇంగ్లీషులో చెప్తున్నాడు, ఒకచోట ఆగిపోయాడు. ఆవిడ "హల్" అంది, వాడు "ఒంటె" అన్నాడు. "అవ్‌ర్" అంది, వాడు "ఒంటె" అన్నాడు. "నిరిగ్" అంది, వాడు తల గోక్కుని "అదీ ఒంటే" అన్నాడు. ఒకటి ఆడది, ఒకటి బరువులు మోసే మగది, ఒకటి పిల్ల. ఆవిడ డప్పు ఆపి వాణ్ణి తల మీద ఒక్కటిచ్చింది, హాలంతా నవ్వు, తెల్ల తాతగారు కూడా. మా ఇంట్లో పెద్దమ్మ, పిన్ని, అత్త అన్నీ "ఆంటీ" అయిపోయిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

టీవీ వాళ్ళు రాలేదు. ఖర్చు నూట పది డాలర్లు ఎక్కువైంది, ఎక్కువగా పేపర్ ప్లేట్ల మీద. టీ పెద్ద థర్మోస్‌లలో పోశారు, రెండు కారిపోయాయి, కార్పెట్ నేనూ మా అమ్మాయి డిబేట్ పార్ట్‌నర్ వాళ్ళమ్మా కలిసి రాత్రి పదకొండు దాకా రుద్దాం. వచ్చే ఏడు మళ్ళీ చేస్తున్నారు. మన ఉగాదికి కాఫీ పోసే ఆ పెద్ద స్టీలు డ్రమ్ములు రెండూ స్టోరేజ్‌లో ఖాళీగానే ఉన్నాయి కదా, తాళం ఎవరి దగ్గరుందో కాస్త చెప్పండి, కడిగి తిరిగిచ్చే పూచీ నాది.