బెంగళూరులో మా బాబుకి ఆల్జీబ్రా ట్యూషన్ ఎలా కుదిరిందంటే

అందరికీ నమస్కారం అండి. మేము న్యూజెర్సీ నుంచి బెంగళూరు వచ్చేసి ఏడాది కావస్తోంది. వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు, పాలు, పనమ్మాయి అన్నీ తొందరగానే కుదిరాయి. కుదరనిది మా బాబు ఆల్జీబ్రా ఒక్కటే. తిరిగి వచ్చేస్తున్న నా ఫ్రెండ్స్ ఇద్దరు కూడా ఇదే అడిగారు, అందుకే ఈ వీడియో.

అమెరికాలో ఆల్జీబ్రా వన్ అని ఏడాదంతా ఒకే కోర్సుగా చెప్తారు. చాలామంది పిల్లలు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో తీసుకుంటారు. ఇక్కడ ఎనిమిదికి ముందు నుంచే లెక్కల పుస్తకంలో కొంచెం కొంచెంగా వస్తుంది. మావాడు అక్కడ ఏడు ముగించుకుని వచ్చి ఇక్కడ ఎనిమిదిలో చేరాడు. మొదటి నెలలోనే హోంవర్క్ పుస్తకం మూసేసి, "అమ్మా, నాకు మ్యాథ్స్ రాదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఇంటికొచ్చి చెప్పే సార్‌ని అడిగితే గంటకి 900 రూపాయలన్నారు. వారానికి మూడు రోజులంటే నెలకి పదివేలు దాటుతుంది. ఒక ఆన్‌లైన్ ట్యూషన్ వాళ్లయితే ఏడాది ఫీజు మొత్తం ముందే కట్టమని రోజుకి రెండుసార్లు ఫోన్ చేశారు. కట్టలేదు. ఫోన్‌తో ఫొటో తీస్తే లెక్క చేసిచ్చే యాప్ కూడా పెట్టుకున్నాం. వాడు స్టెప్పులు చూసి రాసేసేవాడు, మర్నాడు అదే లెక్క అడిగితే వచ్చేది కాదు.

చివరికి మా వీధిలోని పీజీ హాస్టల్లో ఉండే అనంతపురం అమ్మాయి దొరికింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా అపార్ట్‌మెంట్‌లోని ముగ్గురు పిల్లలకి కలిపి శని, ఆదివారాల్లో గంటన్నర చొప్పున చెప్తుంది. ఒక్కొక్కరికి నెలకి 1,500. మొదటి రోజు పాఠమే మొదలుపెట్టలేదు. వాడి పాత నోట్సు తీసుకుని, తప్పు పోయిన ప్రతి చోటా పెన్సిల్‌తో చుట్టింది. చూస్తే అన్నీ రెండే రకాల తప్పులు!

ఒకటి, బ్రాకెట్ ముందు మైనస్. 3 − 2(x − 4) అంటే వాడు 3 − 2x − 8 రాసేవాడు. అసలు అక్కడ ప్లస్ 8 రావాలి, అంటే 11 − 2x. రెండోది, (x + 3)² అంటే x² + 9 అనుకునేవాడు. ఆ అమ్మాయి కాగితం మీద ఒక చతురస్రం గీసి, ఒక్కో భుజాన్నీ x, 3 అని రెండు ముక్కలు చేసింది. లోపల నాలుగు గళ్లు వచ్చాయి: x², 3x, ఇంకో 3x, 9. "నువ్వు ఈ రెండు గళ్లు వదిలేశావు తమ్ముడూ" అంది. అంతే, వాడి ముఖం వెలిగిపోయింది. తెలుగులో చెప్పడం కూడా చాలా పని చేసిందని నాకనిపిస్తుంది. బడిలో ఇంగ్లీషులో అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు "అక్కా" అని అడిగేస్తాడు.

ఇంట్లో నాకో పని ఇచ్చింది. జవాబు వచ్చాక ప్రశ్నలోనూ జవాబులోనూ x బదులు 5 పెట్టి చూడమంది. 3 − 2(5 − 4) అంటే 1. 11 − 10 కూడా 1. సరిపోతే కరెక్టే అయి ఉంటుంది, సరిపోకపోతే తప్పు ఖాయం. లెక్కలు మర్చిపోయిన నాలాంటి అమ్మలు కూడా ఇది చూడొచ్చు.

పుస్తకాలకి పెద్దగా ఖర్చు కాలేదు. సెంట్రల్ సిలబస్ పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎగ్జెంప్లర్ అనే అభ్యాసాల పుస్తకమైతే జవాబులతో సహా ఉంటుంది. స్క్రీన్ వద్దనుకుని మేము ఒక శనివారం మెట్రోలో మెజెస్టిక్ వెళ్లి, అక్కడ గ్రీన్ లైన్ మారి చిక్‌పేటలో దిగాం. అవెన్యూ రోడ్డులో ఏడో క్లాసు పాత పుస్తకం తీసుకున్నాం. ఏడెందుకంటే, వాడికి పునాది వదులైంది అక్కడే.

ఇదిగో, ఈ నోట్సు నిన్న రాత్రిది. పదిహేను లెక్కల్లో రెండు తప్పు. ఆ రెండిటి చుట్టూ పెన్సిల్ గీత వాడే గీసుకున్నాడు.